రాని బాకీల లెక్క తప్పితే సీఏ మానేయాలా?

ప్రశ్న: మాది ఆదోని. విత్తనాలు, పురుగుమందుల షాపు ఉంది. మా అమ్మాయి కర్నూలులో బీకాం చివరి సంవత్సరం. సీఏ చేస్తానంటోంది. కానీ ముగింపు లెక్కల్లో రాని బాకీల సర్దుబాటు వచ్చిందంటే తప్పు చేస్తోంది. ఇదే రాకపోతే సీఏ ఏం చేస్తుందని నాకు టెన్షన్.

జవాబు: ఆ ఒక్కటి చూసి ఆపకండి. బీకాం పిల్లలు చాలామంది తడబడేది అక్కడే. ఎటు డెబిట్, ఎటు క్రెడిట్ అని బట్టీ పడతారు, ఎందుకో అడగరు.

మీ ఖాతాల పుస్తకం ఆమె చేతికివ్వండి. పత్తి అమ్మాక ఇస్తామన్నవాళ్ల బాకీలను ఈ సీజన్‌వి, నిరుటివి, అంతకుముందువి అని విడదీయమనండి. ఊరొదిలి జాడ లేకుండా పోయినవాడిది రాని బాకీ, కొట్టేయాల్సిందే, అంటే పుస్తకాల్లో నష్టంగా రాసి తీసేయాల్సిందే. మిగతావాళ్లలో ఎవరు ఎగ్గొడతారో తెలియదు గానీ, కొంత పోతుందని మీకు తెలుసు. ఆ అంచనాకే సంశయాత్మక బాకీల ఏర్పాటు. అమ్మకాన్ని ఈ ఏటి లాభంలో కలిపాం కాబట్టి, అందులో పోయేదాన్నీ ఈ ఏడే చూపాలి. మీరేమో ‘ఇస్తాడులే, మనోడే’ అంటారు. కొట్టేసినంత మాత్రాన అడగడం మానక్కర్లేదు.

ఇక పరీక్ష లెక్క. అంకణాలో (ట్రయల్ బ్యాలెన్స్) రుణగ్రస్తులు, అంటే మనకు బాకీ ఉన్నవాళ్లు, ఇవ్వాల్సింది రూ. 5,00,000, పాత ఏర్పాటు 10,000. సర్దుబాటు: ఇంకో 20,000 రాని బాకీలు, 5 శాతం ఏర్పాటు. చాలామంది 5 లక్షల మీదే 5 శాతం కట్టేస్తారు. ముందు 20,000 తీసేసి, 4,80,000 మీద కట్టాలి: 24,000. ఆ 20,000, ఈ 24,000 కలిపి, పాత 10,000 తీసేస్తే లాభనష్టాల ఖాతాకు 34,000. ఆస్తి అప్పుల పట్టీలో (బ్యాలెన్స్ షీట్) రుణగ్రస్తులు, 4,80,000 లోంచి 24,000 పోగా, 4,56,000.

ఆదాయపన్నులో మాత్రం మీలాంటి వ్యాపారులకు ఏర్పాటు ఖర్చుగా చెల్లదు. ఆదాయంలో చూపిన అమ్మకం తాలూకు బాకీని పుస్తకాల్లో కొట్టేస్తేనే చెల్లుతుంది. తర్వాత వసూలైతే ఆదాయంగా చూపాలి.

బీకాంలో 55 శాతం వస్తే సీఏలో మొదటి మెట్టయిన ఫౌండేషన్ పరీక్ష లేకుండా నేరుగా సీఏ ఇంటర్మీడియట్‌లో చేరొచ్చు. అది కుదరకపోయినా, బాకీలు వయసువారీగా విడదీయడం వచ్చిన పిల్లకు ఫైనాన్స్ కంపెనీల వసూళ్లు, క్రెడిట్ విభాగాల్లో పని ఉంటుంది.