ముక్కు మీది పసుపు చూడండి

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని ప్రెస్టన్‌లో ఉంటున్నాం. పిల్లలకు వలస హంసల్ని చూపించాలని ఉంది. పార్కు చెరువులో ఏడాది పొడుగునా ఉండేవీ ఇవీ ఒకటేనా? ఎప్పుడు, ఎక్కడికి వెళ్లాలి?

జవాబు: ఒకటి కావు. పార్కులోది మ్యూట్ హంస. నారింజరంగు ముక్కు, దాని మొదట్లో నల్లటి బుడిపె, వంపు తిరిగిన మెడ. ఐస్‌లాండ్ నుంచి వచ్చేది వూపర్ హంస. మెడ నిటారుగా పెడుతుంది, బూర ఊదినట్టు అరుస్తుంది. ముక్కు కొస నలుపు, మొదలు పసుపు. ఆ పసుపు ముక్కురంధ్రాలు దాటి మొనదేలితే వూపర్. రంధ్రాల వెనకే గుండ్రంగా ఆగిపోతే రష్యా టండ్రాలో పుట్టే బ్యూయిక్ హంస. ఇది ఆకారంలోనూ చిన్నది. 1995లో వాయవ్య యూరప్‌కు వచ్చే బ్యూయిక్‌లు సుమారు 29,000 ఉంటే, 2010 నాటికి 18,000కు పడిపోయాయి. కనిపిస్తే అదృష్టమే.

మీకు దగ్గర మార్టిన్ మియర్ అనే చిత్తడినేలల పక్షికేంద్రం. సెప్టెంబరు చివర్నుంచి వూపర్లు దిగుతాయి, నవంబరుకల్లా నిండుగా ఉంటాయి. పగలు చుట్టుపక్కల పొలాల్లో కోతకు మిగిలిన బంగాళదుంపలు, గింజలు ఏరుకుంటాయి. చీకటి పడేవేళకు నీళ్ల మీదికి చేరతాయి, నక్కల భయం అక్కడ తక్కువ. కాబట్టి సాయంత్రం వెలుగుండగానే మాటుగదిలో కూర్చోండి. గుంపులో బూడిదరంగువి ఆ ఏడాది పిల్లలు. తల్లీతండ్రీ వాటిని చలికాలమంతా వెంటే ఉంచుకుంటాయి. మీ పిల్లల చేత వాటిని లెక్కపెట్టించండి. ఆ వేసవిలో సంతానం ఎలా నిలిచిందో తెలిసేది ఆ లెక్కతోనే.

వాటికి లోతులేని నీళ్లు కావాలి. తలకిందులై మెడ చాస్తే అందేది మీటరు లోతు వరకే. ఎగరడానికి నీటిమీద పరుగెత్తే జాగా కూడా ఉండాలి. కుక్కనూ డ్రోన్‌నూ దగ్గరికి పోనివ్వకండి. 800 కిలోమీటర్లకు పైగా సముద్రం దాటి కొవ్వు కరిగిపోయిన పక్షిని లేపితే, తిని కూడబెట్టుకోవలసినది ఎగరడానికే ఖర్చవుతుంది. కరెంటు తీగలు మరో గండం. మసకవెలుతురులో అవి కనపడవు, పది కిలోల ఒళ్లు చటుక్కున పక్కకు తిరగదు. పాత తుపాకీ గుండ్ల సీసం ఇంకా చెడ్డది. తిండి నలగడానికి మింగే గులకరాళ్లతో పాటు అది కందనకాయలో చేరి, అరిగి, రక్తంలో కలుస్తుంది.

ప్రశ్న: మన చెరువులకూ హంసలు వస్తాయా?

జవాబు: రావు. దారితప్పిన ఒకటీ అరా ఎప్పుడో వాయవ్య భారతంలో కనిపించాయి, అంతే. మన వైపు చలికాలంలో వచ్చేవి తల వెనక రెండు నల్లచారలుండే బార్ హెడెడ్ గూస్ అనే పెద్దబాతులు. టిబెట్, మంగోలియా వైపు నుంచి హిమాలయాలు దాటి వస్తాయి.