ఫ్లోరెస్ కొండ ఊళ్లలో బతుకుతెరువు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఇండోనేషియా తూర్పు భాగంలోని ఫ్లోరెస్ దీవి గురించి కిందటి సంచికలో రాశాం. పడమటి కొసనున్న లబువాన్ బాజోలో దిగి కొమోడో ఉడుములను చూసి వెళ్లిపోయే యాత్రికులకు ఆ దీవి లోపలి ఊళ్లు కనబడవు. ఆ ఊళ్ల గురించి అడుగుతూ చాలా ఉత్తరాలొచ్చాయి. కొన్నిటికి ఇక్కడ జవాబిస్తున్నాం.

మా అరకులాగే అక్కడా కాఫీ పండుతుందని రాశారు. మంచి ధర పలికే పంట ఉండి కూడా ఆ ఊళ్లు ఎందుకు ఎదగడం లేదు? (ఒక పాఠకుడు, పాడేరు)

బజావా పట్టణం చుట్టూ 1,000 నుంచి 1,500 మీటర్ల ఎత్తులో పండేది మేలైన అరబికా. దానికి 2012లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన అరకు కాఫీకి వచ్చింది 2019లో. కాబట్టి పంటలో లోపమేమీ లేదు. చిక్కంతా డబ్బు వచ్చే నెలకీ, డబ్బు కావలసిన నెలకీ పొత్తు కుదరకపోవడంలో ఉంది.

నవంబరు, డిసెంబరుల్లో వానలు పడగానే మొక్కజొన్న వేస్తారు. తొలి వానను నమ్మి తొందరపడితే, తర్వాత రెండు వారాలు ఎండ కాసి మొలక మాడిపోతుంది. విత్తనం మళ్లీ కొనాలి. జనవరి, ఫిబ్రవరి వచ్చేసరికి పాత గింజలు అయిపోతాయి, కొత్త కండెలు ఇంకా చేతికి రావు. కాఫీ డబ్బు చూడాలంటే మే దాటాలి. జులైలో బడులు తెరుస్తారు, ఫీజులు కట్టాలి. ఈ సందులోకే వ్యాపారి వస్తాడు. చెట్టు మీది పంటను పచ్చికాయ దశలోనే తక్కువ ధరకు మాట్లాడుకుని డబ్బు ముందే చేతిలో పెడతాడు. అక్కడ దీన్ని ఇజోన్ అంటారు. లెక్క కోసం ఇలా అనుకోండి: జనవరిలో 10 లక్షల రుపియాలు (ఇండోనేషియా డబ్బు) తీసుకున్న రైతు జూన్‌లో 20 లక్షలు చేసే పంట ఇచ్చుకున్నాడంటే, అయిదు నెలలకు నూటికి నూరు వడ్డీ కట్టినట్టే. పైగా, పంట ఎలాగూ వ్యాపారిదే కాబట్టి పండిందీ పండనిదీ కలిపి దూసేస్తాడు. దాంతో నాణ్యత కూడా పోతుంది.

అప్పు లేని రైతు చేయగలిగిన పని వేరు. ఎర్రగా పండిన కాయలే ఏరాలి. నీళ్లలో పోసి తేలినవి తీసేయాలి. కోసిన రోజే చేతి మిషన్‌తో తొక్క తీయాలి. రాత్రంతా గోనెలో ఉంచితే పులిసిన వాసన గింజకు పట్టేస్తుంది. తర్వాత తొట్టిలో 12 నుంచి 36 గంటలు ఊరనివ్వాలి. చలి ఎక్కువైతే గంటలూ పెరుగుతాయి. గుప్పెడు గింజలు నలిపి చూస్తే జిగురు పోయి గరగరలాడాలి, అప్పుడే కడగాలి. నేల మీద పట్టా పరిస్తే మట్టి వాసన, బూజు. అందుకే నడుమెత్తు మంచెల మీద వల పరిచి, రోజూ కలియదిప్పుతూ, సాయంత్రం మంచు పడకముందే కప్పుతూ 10 నుంచి 14 రోజులు ఆరబెట్టాలి. తేమ 12 శాతానికి దిగాలి. దాదాపు 6 కిలోల పండ్లకు కిలో పచ్చి గింజ వస్తుంది.

బజావా చుట్టుపక్కల రైతులు దీనికోసం ఉమ్మడి శుద్ధి కేంద్రాలు పెట్టుకున్నారు. మిషన్లున్నాయి, పనీ వచ్చు. అయినా కొన్ని చతికిలపడుతున్నాయంటే కారణం ఒకటే. కొనుగోలుదారు డబ్బిచ్చేదాకా సభ్యులకు చెల్లించే స్థితి కేంద్రానికి ఉండదు. రోడ్డు పక్కన వ్యాపారి మాత్రం అక్కడికక్కడే నోట్లు లెక్కపెడతాడు. అందుకే మా అభిప్రాయంలో కొత్త మిషన్ కంటే, కోత రోజున సగం ధరైనా చెల్లించగలిగే చేబదులు నిధి ముఖ్యం. మౌమెరె పట్టణం వైపు పుట్టిన పింటు ఆయిర్ లాంటి పొదుపు సహకార సంఘాలు ఆ దీవిలో గట్టిగా వేళ్లూనుకున్నాయి. జనవరి అప్పు వాటి దగ్గర దొరికిన ఇంట్లో పంట చెట్టు మీదే అమ్ముడుపోవడం ఆగుతుంది.

ఊళ్లకు ప్రభుత్వం నేరుగా డబ్బిస్తుందట. అది ఏమవుతోంది? (ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్)

మన పంచాయతీలకు ఫైనాన్స్ కమిషన్ గ్రాంటులు వచ్చినట్టే, అక్కడ 2014 నాటి గ్రామ చట్టం కింద 2015 నుంచి దానా దేశా అనే గ్రామనిధి వస్తోంది. 2024లో మొత్తం 71 లక్షల కోట్ల రుపియాలు. దాదాపు 75,000 ఊళ్లకు పంచితే సగటున ఊరికి 90 కోట్ల పైమాటే, మన డబ్బులో ఇంచుమించు 50 లక్షలు. ఖర్చు ఊరి సభలో తేలాలి. ఆఫీసు ముందు పెద్ద బ్యానరు మీద రాబడి, ఖర్చు పద్దులవారీగా రాసి పెడతారు. ఆ ఊళ్లకు వెళ్లినవాళ్లు మొదట చదవాల్సింది అదే.

ఎక్కువ ఊళ్లు ముందు సిమెంటు రోడ్డు వేసుకుంటాయి, అది కళ్లకు కనబడుతుంది కనుక. కొండవాలు రోడ్డుకు పక్క కాలువ తవ్వకపోతే జనవరి వానలకు అంచు కింద మట్టి కోసుకుపోయి పలకలు విరిగిపోతాయి. గ్రామ చట్టానికి 2024లో చేసిన సవరణతో ఊరి పెద్ద పదవీకాలం ఆరేళ్ల నుంచి ఎనిమిదేళ్లయింది. మంచివాడు దొరికితే మేలే, కాకపోతే ఎనిమిదేళ్లూ భరించాలి.

వానలున్న చోట తాగునీటి కరువేమిటి? తొట్టి కట్టుకోలేరా? (ఒక పాఠకుడు, అనంతపురం)

వాన అయిదారు నెలలే. మిగతా కాలం ఊట దగ్గరికి కొండ దిగి వెళ్లాలి. ఆ పని ఆడవాళ్ల మీదా, పిల్లల మీదా పడుతుంది. తొట్టి కట్టుకోవచ్చు, కడుతున్నారు కూడా. 6 మీటర్లకు 9 మీటర్ల రేకుల కప్పు మీద ఏడాదికి 1,200 మిల్లీమీటర్లు కురిస్తే, అయిదో వంతు పోయినా 50,000 లీటర్లు దొరుకుతాయి. అయిదుగురికి తాగడానికి, వంటకు రోజుకు మనిషికి 10 లీటర్ల చొప్పున 180 రోజులకు 9,000 లీటర్లు చాలు. రెండున్నర మీటర్ల అడ్డం, రెండు మీటర్ల ఎత్తున్న వల-సిమెంటు తొట్టి అందుకు సరిపోతుంది.

చెడేది చిన్న చోట్లలోనే. చూరు గొట్టం మధ్యలో కుంగితే నీళ్లు బయటికి పొర్లుతాయి, కాబట్టి మీటరుకో కొక్కెం ఉండాలి. ప్రతి వానలోనూ కప్పు కడిగిన మొదటి 50 లీటర్లు తొట్టిలోకి పోనివ్వకూడదు. కుళాయి అడుగుకు జానెడు పైన పెడితే మడ్డి రాదు. అన్నిటికంటే ముఖ్యం, వేసవిలో తొట్టిని పూర్తిగా ఎండబెట్టకూడదు. సిమెంటు పగులు తీస్తుంది. అడుగున కొద్దిగా నీళ్లు ఉంచాల్సిందే.

మా ఊరివాళ్లు గల్ఫ్ వెళ్లినట్టు అక్కడివాళ్లు ఎక్కడికి వెళ్తారు? (ఒక పాఠకుడు, జగిత్యాల)

ఎక్కువగా మలేషియాలోని సబా, సరవాక్ పామాయిల్ తోటలకు. తూర్పు ఫ్లోరెస్‌లో తండ్రి వెళ్లిన తోటకే కొడుకూ వెళ్లడం మామూలు. సబా వెళ్లేవాళ్లు చాలామంది ఇండోనేషియాలోని నునుకాన్ రేవు నుంచి సబాలోని తవావుకు దాటుతారు. పని అనుమతి కాగితాలు లేకుండా వెళ్తే పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండిపోవడం, దెబ్బ తగిలితే పరిహారం లేకపోవడం మీకు తెలియని కథేం కాదు. ఇండోనేషియా 2017 నాటి 18వ నంబరు చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండాలి, ఒప్పందం బయల్దేరకముందే ఉండాలి, పని ఇప్పించినందుకు కార్మికుడి నుంచి ఖర్చు వసూలు చేయకూడదు. ఇంటికొచ్చి తల్లిదండ్రుల చేతిలో ముందే డబ్బు పెట్టే దళారిని అసలు నమ్మకూడదు. ఆ డబ్బు తర్వాత జీతంలోంచే కోతపడుతుంది.

అక్కడి ఇకత్‌కీ మా నేతకీ తేడా ఏమిటి? ఆడవాళ్లకు గిట్టుబాటవుతుందా? (ఒక పాఠకురాలు, భూదాన్ పోచంపల్లి)

మీరు నేయకముందే పడుగు (నిలువు నూలు), పేక (అడ్డం నూలు) రెండూ కట్టి అద్దుతారు. వాళ్లు పడుగు మాత్రమే తాటిజాతి ఆకు నారతో కట్టి, నడుముకు బిగించుకునే మగ్గం మీద నేస్తారు. నీలం నీలిమందు నుంచి, ఎరుపు తొగరు వేరు నుంచి. ఎరుపుకు ముందు నూలును కెమిరి అనే చెట్టు గింజల నూనెలో నానబెట్టాలి, లొద్దుగ జాతి ఆకు కలపాలి; ఆ ఆకు తగ్గితే ఎరుపు పట్టదు, వెలిసిన ఇటుక రంగులో మిగులుతుంది. కట్టు వదులైతే అంచుల్లోకి రంగు పాకుతుంది. ఒక్క వస్త్రానికి నెలలు పడుతుంది. సంతలో రసాయనపు రంగు బట్ట పక్కన పెడితే ఆ కష్టం కొనేవాడికి తెలియదు. రంగు వేసిన తీరు చీటీ మీద రాసి, సంఘం పేరుతో అమ్మినప్పుడే ధర నిలుస్తుంది.

బాలిలో ఉద్యోగం చేస్తున్నాను. ఫ్లోరెస్‌లో కొంచెం తోట కొనుక్కోవచ్చా? (ఒక పాఠకుడు)

మీ పేరు మీద కుదరదు. 1960 భూ చట్టం ప్రకారం పూర్తి యాజమాన్య హక్కు ఆ దేశ పౌరులకే. స్నేహితుడి పేరు మీద కొని లోపల ఒప్పందం రాసుకోవడం చెల్లదు; డబ్బు పోతే అడిగే దిక్కుండదు. కాలపరిమితితో వాడుకునే హక్కు, లీజు ఉన్నాయి. అయితే లోపలి ఊళ్లలో చాలా భూమి వంశాలది. పడమటి ఫ్లోరెస్‌లోని మంగరాయ్ వైపు తువా తెనో, లియో తెగవాళ్లలో మోసలాకి అనే పెద్దల మాట లేకుండా కాగితం ఉన్నా కంచె నిలవదు. ముందు ఆ పెద్దలను కలవండి, తర్వాతే నోటరీని.