బీపీ తగ్గిందని మాత్ర మానేశాను, మళ్లీ పెరిగింది.. ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 46. ఎరువుల దుకాణం నడుపుతాను. ఏడాది కింద ఇన్సూరెన్స్ కోసం పరీక్షలు చేస్తే బీపీ 164/102 ఉందన్నారు. తలనొప్పి, కళ్లు తిరగడం లాంటివేమీ లేవు. డాక్టర్ గారు రోజుకో ఆమ్లోడిపిన్ 5 ఎంజీ మాత్ర రాశారు. రెండు నెలలకు 128/82కి వచ్చింది. మందు అలవాటైతే జన్మంతా వదలదని మా బావమరిది అంటే మానేశాను. మొన్న చూపిస్తే 158/100. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో మాత్రలు తెచ్చుకుని వారంలో నాలుగైదు రోజులు వేసుకుంటున్నాను. మా నాన్నగారికి 58వ ఏట పక్షవాతం వచ్చింది. బీపీలో రకాలున్నాయంటారు, నాది ఏ రకం? మందుల్లేకుండా తగ్గదా? తెలిసినాయన సర్పగంధి చూర్ణం ఇస్తానంటున్నారు, వాడొచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ ఉత్తరంలో ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. తలనొప్పి, కళ్లు తిరగడం లాంటివేమీ లేవన్నారు. బీపీ ఉన్నవాళ్లలో చాలామందికి ఉండవు. మాత్ర మానేసిన మర్నాడు ఏమీ తెలియదు, నెల తర్వాతా తెలియదు. లోపల మాత్రం గుండె గోడ మందమవుతూ, కిడ్నీల్లో వడపోత పాడవుతూ, మెదడులోని సన్నటి రక్తనాళాలు గట్టిపడుతూ ఉంటాయి. కాళ్ల వాపులని నా దగ్గరికి వచ్చిన ఒక లారీ డ్రైవర్‌కి బీపీ 190/110, కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో పెరిగే క్రియాటినిన్ 6 ఉన్నాయి. అయిదేళ్ల కింద ఎవరో డాక్టర్ రాసిచ్చిన బీపీ మందుల చీటీ అప్పటికీ ఆయన పర్సులోనే ఉంది. ఎందుకు మానేశారంటే, ‘బాగానే ఉన్నాను కదండీ’ అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది.

ఆ 128/82 మీరు మాత్ర వేసుకుంటున్నప్పటి లెక్క. ఆమ్లోడిపిన్ రక్తనాళాల గోడల్లో ఉన్న కండరాన్ని వదులు చేస్తుంది. అది ఒంట్లో ఉన్నన్నాళ్లే దాని పని. మానేస్తే వారం పది రోజుల్లో ఆ కండరం మళ్లీ బిగుసుకుంటుంది. మీ బావమరిది గారు మీ మంచి కోరే చెప్పి ఉంటారు. కానీ వదలనిది జబ్బు, మందు కాదు. బీపీ మాత్రలకు ఒళ్లు బానిస కావడమంటూ ఉండదు.

ఇక రకం సంగతి. నూటికి 90 మందికి పైగా ఉండేది ప్రైమరీ రకం. దానికి ఇదీ కారణమని ఒక్కటి చూపించలేం. వంశం, వయసు, ఉప్పు, బరువు, మద్యం, ఒంటికి పని లేకపోవడం, అన్నీ కలిసి పెంచుతాయి. మిగతా కొద్దిమందిలో వెనక మరో జబ్బు ఉంటుంది: కిడ్నీ జబ్బు, కిడ్నీకి వెళ్లే రక్తనాళం సన్నబడటం, కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథి హార్మోన్ ఎక్కువగా వదలడం, థైరాయిడ్, గురకతో నిద్రలో ఊపిరి ఆగిపోవడం. ఇది సెకండరీ రకం. 30 ఏళ్లలోపే బీపీ వచ్చినా, మూడు మందులకూ లొంగకపోయినా, రక్తంలో పొటాషియం తగ్గినా దీన్ని అనుమానిస్తాం. మీది 40 దాటాక బయటపడింది, ఒక్క మాత్రకే దిగింది, నాన్నగారికి పక్షవాతం వచ్చింది. ప్రైమరీయే అయ్యే అవకాశం ఎక్కువ.

అయితే ఆ మోకాళ్ల మాత్రలు నాకు నచ్చలేదు. పేరు రాయలేదు కానీ డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్‌లలో ఏదో ఒకటై ఉంటుందని నా అనుమానం. ఇవి కిడ్నీల దగ్గర ఉప్పునీ నీటినీ ఆపేస్తాయి, బీపీ పెంచుతాయి, బీపీ మందుల పనినీ తగ్గిస్తాయి. ఏళ్ల తరబడి వాడితే కిడ్నీలకే ముప్పు. ఈ రోజే ఆపండి. మరీ నొప్పిగా ఉంటే పారాసిటమాల్ వేసుకుని, మోకాళ్లను ఎముకల డాక్టర్‌కి చూపించండి. దగ్గుకు అతిమధురం రోజూ నమిలే అలవాటుంటే అదీ మానండి, అది కూడా బీపీ పెంచుతుంది.

ఇంట్లో చూసుకోవడానికి చేతి పైభాగానికి పట్టీ చుట్టే డిజిటల్ మిషన్ కొనుక్కోండి, మణికట్టుది వద్దు. పట్టీ మీ చేతికి సరిపోవాలి, బిగుతుగా ఉంటే లేని బీపీ చూపిస్తుంది. టీ, సిగరెట్ తర్వాత అరగంట ఆగి, మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలకు పెట్టి అయిదు నిమిషాలు ఊరికే కూర్చోండి. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి. కొలిచేటప్పుడు మాట్లాడొద్దు. నిమిషం తేడాతో రెండుసార్లు, పొద్దునా సాయంత్రం, వారం రోజులు చూసి రాయండి. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీస్తే 135/85 దాటకూడదు. కొందరికి డాక్టర్ని చూడగానే పెరుగుతుంది. ఇంకొందరికి ఆస్పత్రిలో మామూలుగా ఉండి ఇంట్లో ఎక్కువుంటుంది. ఈ వారం లెక్కతో అదీ తేలిపోతుంది. నా దగ్గరికి వచ్చే ఒక పెద్దావిడ గోడ క్యాలెండర్‌లో పాల లెక్క పక్కనే బీపీ రాసి, నెల కాగానే ఆ కాగితం చించి పట్టుకొస్తారు. ఆమెకు మందు మార్చడం నాకు ఎంత తేలికో!

మందుల్లేకుండా తగ్గదా అన్నారు. 140 దగ్గర తచ్చాడుతుంటే కొన్నాళ్లు ఆగి చూడొచ్చు. 160 దగ్గరున్న మీకు మందు తప్పదు, పథ్యమూ తప్పదు. మనిషికి రోజుకు ఉప్పు 5 గ్రాముల లోపే ఉండాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అంటే ఒక చిన్న చెంచా, అన్నీ కలిపి. ఇంట్లో నలుగురుంటే కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. మీ ఇంట్లో ఎన్నాళ్లకు అయిపోతుందో అమ్మగారినో, మీ ఆవిడగారినో అడగండి. నెలకే అయిపోతుంటే తలా 8 గ్రాములు దాటినట్టే. ఆవకాయ, అప్పడాలు, చల్ల మిరపకాయలు దీనికి అదనం. గుంటూరు జిల్లా మనిషిని పచ్చడి మానమనడం ఎంత కష్టమో తెలుసు. రోజూ మూడు పూటలా కాకుండా ఆదివారం ఒక ముద్దకు పెట్టుకోండి. సైంధవ లవణం మార్గం కాదు, అదీ సోడియమే. కిడ్నీ పరీక్ష చేయించకుండా పొటాషియం కలిపిన ఉప్పు జోలికి వెళ్లొద్దు. రోజూ అరగంట నడవండి. మోకాళ్లు సహకరించకపోతే సైకిల్ తొక్కండి.

సర్పగంధిని నేను తీసిపారేయను. ఈ వేరు బీపీ తగ్గిస్తుందని బొంబాయి డాక్టర్ రుస్తుం జల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాస్తే ప్రపంచమంతా ఇటు చూసింది. దాని నుంచి తీసిన రిసర్పిన్‌ను డాక్టర్లు ఏళ్ల తరబడి రాశారు. కానీ అది కొందరిలో మనసును కుంగదీస్తుంది, కడుపులో యాసిడ్ పెంచుతుంది, ముక్కు దిబ్బడ తెస్తుంది. పైగా చూర్ణంలో ఒక చెంచాకూ ఇంకో చెంచాకూ మోతాదు ఒకేలా ఉండదు. వద్దనే చెబుతాను.

ఈ వారంలోనే డాక్టర్ని కలిసి మందు మళ్లీ మొదలుపెట్టండి. ఆమ్లోడిపిన్‌తో పాదాలు వాస్తే చెప్పండి, టెల్మిసార్టాన్ లాంటిది ఇస్తారు. కొందరికి రెండూ చిన్న మోతాదులో కలిపి ఇవ్వడమే మేలు. మీ వయసుకు 130/80 లోపు ఉంచాలన్నది మన లక్ష్యం. బరువు, ఉప్పు తగ్గి ఏడాది పాటు అదుపులో ఉంటే మోతాదు తగ్గించే మాట డాక్టరే ఎత్తుతారు. క్రియాటినిన్, పొటాషియం, షుగర్, కొలెస్ట్రాల్, మూత్రంలో అల్బుమిన్, ఈసీజీ చేయించండి. కంటి నరం కూడా చూపించండి. ఎప్పుడైనా 180/120 దాటి, దాంతోపాటు ఛాతీలో నొప్పి, మాట తడబడటం, ఒక వైపు చెయ్యి కాలు పట్టు తప్పడం, ఆయాసం ఉంటే నాలుక కింద మాత్రలేవీ పెట్టుకోకుండా 108కి ఫోన్ చేయండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు రాసుకున్న బీపీ లెక్కతో పాటు ఆ మోకాళ్ల మాత్రల ఖాళీ షీటూ తీసుకెళ్లండి.