ఆ రెండు గీతల కింద ఉన్నది మీ అన్నయ్య రాత కాదు

పర్లాకిమిడి నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం చాలా పెద్దది కాబట్టి దాని సారాంశం మాత్రం ఇక్కడ ఇస్తున్నాను. ఆమెకు 38 ఏళ్ళు, ఒక ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయిని. తండ్రి పోయి రెండేళ్ళు కావస్తోంది, తల్లి ఆమె దగ్గరే ఉంటున్నారు. అన్నయ్య పుణేలో సాఫ్ట్‌వేరు ఉద్యోగి. కర్మకాండ ముగిసిన రోజున ఆయన ఇల్లు అమ్మేద్దామన్నారు. ‘బతికి ఉండగా చూడటానికి రాలేదు గాని, పోయాక లెక్కలు చూసుకోవడానికి వచ్చావా’ అని ఈమె బంధువులందరి ముందూ అన్నారు. ఆనాటి నుంచి ఇద్దరి మధ్య మాటలు లేవు. అన్నయ్య ఈమెయిలు పంపిస్తారు, ఈమె ‘అందింది’ అని జవాబిస్తారు. ప్రతి మెయిలు చివరా ఒక సూక్తి ఉంటుంది, ఏ రెండు సార్లూ ఒకటే ఉండదు, అది ఆ రోజు ఈమె మనసులో మెదులుతున్న విషయానికి సరిగ్గా తగులుతుంది. ‘అన్నయ్య నన్ను పొడవటానికే వాటిని ఏరి పెడుతున్నాడా? లేక నాన్నగారే ఆ రూపంలో నాకేదో చెప్పాలనుకుంటున్నారా? ఇదంతా కాకతాళీయమంటే నా మనసు ఒప్పుకోవడం లేదు’ అని అడిగారు.

అమ్మా, మీరు అడిగినదానికి జవాబు ముందుగానే చెప్పేస్తాను, దానికి ఎక్కువ చోటు అక్కరలేదు. ఆ రెండూ కావు. మీరు పంపిన నకళ్ళలో ప్రతి సూక్తికీ పైన రెండు చిన్న అడ్డగీతలు కనిపిస్తున్నాయి. ఉత్తరం రాసిన మనిషి మాట అక్కడితో ముగిసిందని, దాని కింద ఉన్నది తనంతట తానే వచ్చి చేరే సంతకమని తెలిపే గుర్తు అది. మీ అన్నయ్య వంటి ఉద్యోగంలో ఉన్నవారు కొన్ని వందల వాక్యాలు ఉన్న ఒక ఫైలును సంతకానికి జత చేసి పెట్టుకుంటారు. మెయిలు వెళ్ళేటప్పుడు ఒక చిన్న ప్రోగ్రాం అందులోంచి ఏదో ఒక వాక్యాన్ని తీసి కింద అతికిస్తుంది. ఇది ఈనాటి అలవాటు కూడా కాదు. 1979లో వెలువడిన, కంప్యూటర్లను నడిపించే యూనిక్స్ అనే వ్యవస్థ ఏడవ వెర్షన్‌లోనే ‘ఫార్చ్యూన్’ అనే ప్రోగ్రాం ఉంది, పిలిచినప్పుడల్లా ఒక వాక్యాన్ని ఎంచి చూపించడమే దాని పని. ఏ మెయిలుకు ఏ వాక్యం తగులుకుందో పంపినవారు చాలాసార్లు చూసుకోరు కూడా. మీకు వెళ్ళే ఈ సంతకమే ఆయన పై అధికారికి పంపే సెలవు దరఖాస్తు కింద కూడా వెళ్తూ ఉంటుంది.

అయినా అవి మీకే ఎందుకు తగులుతున్నాయి అని మీరు అడగవచ్చు. అటువంటి ఫైళ్ళలో ఉండే మాటలన్నీ పట్టుమని పది విషయాల చుట్టూ తిరుగుతాయి: క్షమ, కాలం, మౌనం, ధైర్యం, ఇల్లు, గతం, స్నేహం. తండ్రిని పోగొట్టుకుని, తోబుట్టువుతో మాటలు మానుకుని, వయసు మీదపడిన తల్లిని చూసుకుంటున్న మనిషికి వీటిలో ఏది తగలకుండా పోతుంది? చిలక జోస్యం చెప్పేవాడి చిలక ఎదుట కూర్చున్నవారి ముఖం చూసి కార్డు తీయదు. ‘దగ్గరివారే మిమ్మల్ని అర్థం చేసుకోలేదు, మీరు చేసిన మేలు ఎవరూ తలుచుకోరు’ అని వచ్చిందంటే, రోడ్డు మీద పోతున్న పదిమందిలో తొమ్మిదిమంది తమ గురించేనని తల ఊపుతారు.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త తన దగ్గర చదువుకునే 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, తరువాత ఒక్కొక్కరికీ వారి స్వభావ వివరణ అంటూ ఒక కాగితం ఇచ్చాడు. అది తమకు ఎంత బాగా సరిపోయిందో అయిదుకు మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు. అందరి చేతిలో ఉన్నదీ ఒకే కాగితం. అందులోని వాక్యాలను ఆయన వీధి దుకాణంలో అమ్మే జ్యోతిషం పుస్తకంలోంచి ఏరాడు. ఆ పిల్లలు తెలివితక్కువవారు కారు, మీరూ కారు. మన గురించి ఎవరో పట్టించుకుని చెబుతున్నారన్న ఆశ ఉన్నచోట, వదులుగా ఉన్న మాటను మన కొలతకు మనమే కుట్టేసుకుంటాం.

ఇంకొక సంగతి. ఈ రెండేళ్ళలో వంద దాకా మెయిళ్ళు వచ్చి ఉంటాయని మీరే రాశారు. నాకు పంపిన సూక్తులు ఆరు. మిగిలినవాటిలో మీకు ఏమీ అనిపించనివి, చదివి మరిచిపోయినవి ఎన్ని ఉన్నాయో ఒకసారి పాత మెయిళ్ళు తెరిచి వరుసగా చూడండి. తగిలినవి గుర్తుండటం, తగలనివి జారిపోవడం అందరిలో ఉన్నదే. మాట మధ్యలో బల్లి పలికితే నేల మీద వేలు తట్టి ‘సత్యం’ అనుకునే ఇళ్ళలో పెరిగినవాళ్ళం మనం. ఊరికే ఉన్న సాయంత్రాలలో అది ఎన్నిసార్లు పలికిందో ఎవరూ లెక్క పెట్టుకోలేదు.

అర్థవంతమైన యాదృచ్ఛికాల గురించి ఎంతో గౌరవంగా రాసినవారు కూడా ఉన్నారు. స్విట్జర్లాండుకు చెందిన మానసిక వైద్యుడు కార్ల్ యూంగ్ 1952లో దీని మీద ఒక గ్రంథమే వెలువరించాడు. ఆయన దగ్గరికి వచ్చే ఒక స్త్రీ ప్రతిదాన్నీ తర్కానికి పెట్టి, మనసు విప్పేది కాదట. ఒకరోజు ఆమె తన కలలో బంగారు పేడపురుగు బొమ్మను ఎవరో ఇచ్చారని చెబుతూ ఉండగా, కిటికీ అద్దానికి ఒక పురుగు తట్టుకుంది. ఆయన దాన్ని పట్టుకుని ‘ఇదిగో మీ పురుగు’ అని ఆమెకు అందించాడు. ఆ తరువాత ఆమెలో పట్టు సడలి, చికిత్స ముందుకు సాగిందని రాశాడు. ఆ ఘటనకు ఆయన చెప్పుకున్న కారణాన్ని నేను ఒప్పుకోను. కానీ ఒకటి గమనించండి, ఆ పురుగు వచ్చాక ఆమె తన ఎదుట కూర్చున్న మనిషితో మాట్లాడటం మొదలుపెట్టింది. మీ విషయంలో జరిగింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. సూక్తులు వచ్చినకొద్దీ మీరు మాట్లాడవలసిన మనిషికి దూరమవుతున్నారు.

ఇక అసలు సంగతికి వస్తాను. మీ ఉత్తరం రెండు సార్లు చదివాను. ఆ ఆరు సూక్తులను మీరు తేదీలతో సహా ఎత్తి రాశారు. ఆ గీతలకు పైన అన్నయ్య తన చేత్తో రాసిన మాటలను మాత్రం ‘డబ్బు సంగతులు, అమ్మ మందులు, మామూలే’ అని ఒక్క ముక్కలో తోసేశారు. పొరపాటున అన్నట్టుగా ఒకచోట మాత్రం ఆయన మాట ఒకటి బయటపడింది. ఎనిమిది నెలల క్రితం వచ్చిన మెయిలులో ‘నాన్న సైకిలు ఎవరికీ ఇవ్వకు’ అని ఆయన రాశారు. దాని కింద యంత్రం అతికించిన సూక్తి, పాతవాటిని వదలగలిగినవాడే ముందుకు నడుస్తాడని. మీరు ఆ సూక్తిని పట్టుకుని, అన్నయ్య నాన్న జ్ఞాపకాలను వదిలించుకోమంటున్నాడని రెండు పేజీలు బాధపడ్డారు. ఆయన స్వయంగా రాసిన వాక్యం అందుకు నేరుగా అడ్డం పడుతోందని మీకు తోచలేదు.

ఇల్లు అమ్మాలన్న మనిషి సైకిలు దాచమని ఎందుకు అడుగుతాడు? ఆ సైకిలు మీద ముందు కడ్డీ మీద కూర్చుని బడికి వెళ్ళింది ఎవరో నాకు తెలియదు గాని మీకు తెలుసు. దూరాన ఉన్న కొడుకు తండ్రి గురించి దుఃఖాన్ని ఆ ఒక్క వాక్యంలో పెట్టి మీకు పంపాడు, మీరు ‘అందింది’ అని రాశారు. అమ్మా, నన్ను బాధపెట్టింది ఇది.

మీ కోపం అన్యాయమని నేను అనడం లేదు. మన ఇళ్ళలో కొడుకు డబ్బు పంపితే బాధ్యత తీరినట్టు, కూతురు రాత్రిళ్ళు మేలుకుని చూసుకుంటే అది ఆమె స్వభావంలో భాగమన్నట్టు నడిచిపోతుంది. నాన్నగారిని బరంపురం ఆస్పత్రికి తీసుకువెళ్ళి రావడం మీరూ మీ భర్తా పంచుకున్నారని, అన్నయ్య చివరి రోజుకు మాత్రమే వచ్చారని రాశారు. ఆ లోటు నిజం. దాన్ని ఆయనకు చెప్పి తీరాలి. ఆత్మగౌరవం ఉన్న ఆడపడుచు దాన్ని మింగేసి నవ్వుతూ తిరగాలని నేను ఎన్నడూ చెప్పను. కానీ ఒకసారి నలుగురి ముందు చెప్పారు, ఆ తరువాత రెండేళ్ళుగా అసలు చెప్పలేదు. పదిమందిలో అన్న మాట మనిషికి దెబ్బ తగిలినట్టే ఉంటుంది, అందులో ఉన్న న్యాయం వినపడదు. అదే మాట మీరిద్దరే ఉన్నప్పుడు చెప్పి ఉంటే ఆయన తల వంచుకుని వినేవారని నా నమ్మకం. నాన్నగారి సంవత్సరీకానికి వచ్చి, మీ ఇంట్లో దిగకుండా పక్కనే పాతపట్నంలో వదిన పుట్టింట్లో ఉండి వెళ్ళారన్నారు. ‘మా గడప తొక్కలేదు’ అని మీరు దాన్ని నేరంగా రాశారు. రమ్మని మీరు పిలిచారా? పిలిచినట్టు ఉత్తరంలో లేదు. అన్నదమ్ములకు పిలుపు ఎందుకంటారేమో, ఆ మాట అన్నాక మాత్రం పిలవాలి.

ఈ మౌనం వల్ల నలిగిపోతున్నది మీ అమ్మగారు. మీరు బడికి వెళ్ళాక ఆమె కొడుకుతో ఫోన్లో మాట్లాడుతుందని, మీ అడుగుల చప్పుడు వినగానే పెట్టేస్తుందని మీరే రాశారు. ఆ వయసులో కన్నకొడుకుతో దొంగచాటుగా మాట్లాడవలసిన స్థితి ఏ తల్లికీ రాకూడదు. మీరు ఆమెకు చేస్తున్న సేవ అంతా ఒక ఎత్తు, ఆమెకు మీ ఇంట్లో ఈ భయం ఉండటం ఒక ఎత్తు. ఈ రోజే ఆమె దగ్గర కూర్చుని, అన్నయ్యతో నా ముందే మాట్లాడు అమ్మా అని చెప్పండి. దీనికి అన్నయ్య అనుమతి అక్కరలేదు, ఏ సూచనా రానక్కరలేదు.

ఇల్లు చేయిజారిపోతుందన్న భయం మీ ఉత్తరమంతటా ఉంది కాబట్టి ఆ సంగతీ చెబుతాను. నాన్నగారు సొంత సంపాదనతో కట్టారని, వీలునామా రాయలేదని అన్నారు. అలాంటప్పుడు 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మగారికీ, అన్నయ్యకూ, మీకూ మూడు సమాన వాటాలు. కూతురికి పెళ్ళయిందా లేదా అన్నది ఇందులో లెక్కలోకి రాదు. మీరు, అమ్మగారు సంతకం పెట్టకుండా మొత్తం ఇంటిని ఆయన అమ్మలేరు. ఊళ్ళో ఒక మంచి న్యాయవాదికి కాగితాలు చూపించి నిశ్చింతగా ఉండండి. ఆస్తి భయం తొలగితే అన్నయ్య మాటల్లో ఎత్తులు వెతకవలసిన అవసరం కూడా చాలావరకు తగ్గుతుంది.

మీరు ఈ సూక్తుల గురించి నాకు ఎనిమిది పేజీలు రాయగలిగారు. ముక్కూ మొహం తెలియని నన్ను అడగడం కంటే ‘నువ్వే పెడుతున్నావా అన్నయ్యా ఇవి’ అని ఆయన్నే అడగడం మీకు కష్టమైంది. ఎందుకంటే అడిగితే జవాబు వస్తుంది, జవాబు వస్తే మాట కలుస్తుంది, మాట కలిస్తే ఆనాడు నలుగురిలో అన్నది కూడా ముందుకు వస్తుంది. సూక్తితో ఆ చిక్కు లేదు, అది మీరు ఎలా చదువుకుంటే అలా పడి ఉంటుంది. నాన్నగారు మాట్లాడుతున్నారేమో అన్న ఆశను నేను తేలికగా తీసుకోను. తండ్రి గొంతు మళ్ళీ వినాలని ఎవరికి ఉండదు? కానీ ఆయన్ను మీ అంత దగ్గరగా ఎరిగి, ఆయన గురించి మీతో మాట్లాడగలిగినవాళ్ళు అమ్మగారు కాక ఇంకొక్కరే మిగిలారు, ఆ మనిషి పుణేలో ఉన్నాడు.

మెయిలు వద్దు. మీరు ఒడియా బడిలో, ఆయన తెలుగు బడిలో చదువుకున్నందున మీ మధ్య రాతకోతలన్నీ ఇంగ్లీషులో నడుస్తున్నాయని రాశారు. ఇంగ్లీషులో ఆఫీసు కాగితాల్లా రాసుకునే అన్నాచెల్లెళ్ళకు ఒకరి మెత్తదనం ఒకరికి తెలియడం కష్టం. ఇంట్లో మాట్లాడుకున్న తెలుగులో ఫోన్ చేయండి. ముందు సైకిలు గురించి చెప్పండి, ఎక్కడ ఉందో, ఏ స్థితిలో ఉందో. ఆ తరువాత, అందరి ముందూ అలా అన్నది తప్పేనని, అయితే అన్న విషయం తప్పు కాదని, రెండూ ఒకేసారి చెప్పండి. ఆయన నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి, కాసేపు మౌనంగా ఉంటే ఫోన్ పెట్టేయకండి. వచ్చే తద్దినానికి మన ఇంట్లోనే దిగమని, వదినను, పిల్లలను కూడా తీసుకురమ్మని మీరే పిలవండి. వదినకు వేరుగా ఒక మాట చెప్పడం మరవవద్దు.

తద్దినం రోజున ఇంటి సంగతి ఎవరు ఎత్తినా సాగనివ్వకండి. మర్నాడు ఉదయం, బంధువులందరూ వెళ్ళిపోయాక, ముగ్గురే కూర్చోండి. అమ్మాలా వద్దా అన్నది మీరిద్దరూ తేల్చుకునే ముందు, ఆ ఇంట్లో కాపురం చేసి పిల్లలను పెంచిన అమ్మగారు ఏమి కోరుతున్నారో అడగండి. మీ ఉత్తరంలో అన్నయ్య అభిప్రాయం ఉంది, మీ అభిప్రాయం ఉంది, ఆమె అభిప్రాయం మాత్రం ఎక్కడా లేదు.