హాస్టల్ రిజిస్టర్ ముందు పెట్టుకుని డేటాబేస్ డిజైన్ నేర్చుకోండి

ప్రశ్న: దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటూ బీఎస్సీ ఎంపీసీఎస్ ఫైనలియర్ చదువుతున్నాను. డీబీఎంఎస్ (డేటాబేస్ నిర్వహణ) పేపర్లో మంచి మార్కులే వచ్చాయి. ఈమధ్య ఒక చిన్న కంపెనీ ఇంటర్వ్యూలో 'లేడీస్ హాస్టల్‌కు ఈఆర్ డయాగ్రమ్ (ఏ వివరాలు ఉండాలో, వాటి మధ్య సంబంధాలేమిటో చూపే బొమ్మ) గీసి, టేబుళ్లు రాయండి' అన్నారు. నాలుగు డబ్బాలు గీసి ఆగిపోయాను. అమీర్‌పేటలో డేటాబేస్ కోర్సులో చేరితే ఇది వస్తుందా? ఈ నైపుణ్యంతో ఉద్యోగాలు ఉంటాయా?

జవాబు: ముందు ఉద్యోగాల సంగతి. ఈఆర్ డయాగ్రమ్‌లు గీయడమే పనిగా ఫ్రెషర్‌ను తీసుకోరు. డేటా మోడలర్ అనే కొలువు ఉంది కానీ దాన్ని సాధారణంగా అనుభవం ఉన్నవాళ్లకే ఇస్తారు. అయితే బ్యాకెండ్ డెవలపర్, డేటా ఇంజినీర్, డేటా అనలిస్ట్, డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్... వీటిలో ఏ పనిలో చేరినా టేబుళ్లు ఎలా అల్లుకుని ఉన్నాయో చదవడం రావాలి, కొత్తవి కలపడమూ రావాలి. హైటెక్ సిటీ, గచ్చిబౌలి ఇంటర్వ్యూల్లో 'ఫలానా వ్యాపారానికి స్కీమా (టేబుళ్ల నిర్మాణం) రాయండి' అని అడిగేది అందుకే.

ఇక కోర్సు. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల చెప్పే ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌తో మాట్లాడే భాష) పాఠాల్లో ఒరాకిల్‌వారి ఈఎంపీ (ఉద్యోగులు), డెప్ట్ (విభాగాలు) టేబుళ్లు మీకు తప్పకుండా తగులుతాయి. ఒకదాంట్లో 14 వరుసలు, ఇంకోదాంట్లో 4. సెలెక్ట్ (వరుసలు తీయడం), జాయిన్ (టేబుళ్లు కలపడం), గ్రూప్ బై (గుంపులుగా లెక్కించడం) చేతికి అలవాటు కావడానికి అవి చాలు. కానీ ఆ టేబుళ్లను ఎవరో ముందే డిజైన్ చేసి పెట్టారు. ఒక ఉద్యోగి ఒకే విభాగంలో ఉంటాడని, విభాగం వివరాలు వేరే టేబుల్లో ఉండాలని తేల్చింది మీరు కాదు. ఇంటర్వ్యూలో మీరు ఆగిపోయింది సరిగ్గా అక్కడే. క్వెరీలు (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలు) రాయడం రాకపోతే కోర్సులో చేరండి. అవి వస్తే ఆ డబ్బు మిగుల్చుకోండి. డిజైన్ నేర్చుకోవడానికి కాగితం, పెన్సిల్, ఎవరో నిజంగా వాడుతున్న ఒక రిజిస్టర్ సరిపోతాయి.

రెండు రకాల గుర్తులు తెలిసుండాలి. టేబుళ్లతో డేటాను నిలపాలన్న రిలేషనల్ మోడల్‌ను ఐబీఎంలో ఎడ్గర్ కాడ్ 1970లో ప్రతిపాదించారు. వస్తువులను, వాటి మధ్య సంబంధాలను బొమ్మగా చూపే ఈఆర్ మోడల్‌ను పీటర్ చెన్ 1976లో ప్రచురించారు. దీర్ఘచతురస్రంలో ఎంటిటీ (వస్తువు), వజ్రాకారంలో సంబంధం, అండాకారంలో అట్రిబ్యూట్ (దాని వివరం)... మీ పరీక్ష పేపర్లో గీసింది చెన్ పద్ధతి. కంపెనీల్లో, టూల్స్‌లో ఎక్కువగా కనిపించేది క్రోస్ ఫుట్, అంటే కాకి కాలి గుర్తు. గీత చివర మూడు పాయలుంటే 'చాలా', అడ్డగీత ఉంటే 'ఒకటి', సున్నా ఉంటే 'లేకపోయినా ఫర్వాలేదు'. ఇంటర్వ్యూలో ఇదే వాడండి. బోర్డు మీద చోటు కలిసొస్తుంది.

ఇప్పుడు మీకిచ్చిన హాస్టల్‌నే తీసుకుందాం. మొదటి ఐదారు నిమిషాలు ఏమీ గీయొద్దు, అడగండి. ఓనరుకు ఒకే బిల్డింగా, రెండు మూడా? కేటాయించేది గదినా, బెడ్‌నా? నడుమ గది మారొచ్చా? అద్దె విడతలుగా తీసుకుంటారా? వెళ్లిపోయిన అమ్మాయి ఆరు నెలల తర్వాత మళ్లీ వస్తే కొత్తగా పేరు రాస్తారా, పాత వివరాలే వాడతారా? ఒక్కో జవాబుకు ఒక్కో గీత మారుతుంది. డయాగ్రమ్‌లో కష్టమంతా ఈ ప్రశ్నల్లోనే ఉంది, గీయడం చివరి పని. టేబుళ్లు రాసిపెట్టమంటే ఇవాళ ఏఐ నిమిషంలో రాస్తుంది. ఓనరు విడతలుగా అద్దె తీసుకుంటాడో లేదో మాత్రం దానికి ఎవరో చెప్పాలి. ఆ చెప్పే మనిషి మీరు కావాలి.

ప్రతి గీతకూ రెండు వైపుల నుంచీ రెండేసి ప్రశ్నలు వేసుకోండి: ఎక్కువలో ఎక్కువ ఎన్ని, అసలు లేకుండా ఉండొచ్చా. గదికి బెడ్‌లు చాలా ఉంటాయి, బెడ్ మాత్రం ఒకే గదిది. కాబట్టి గది ఐడీ బెడ్ టేబుల్లో ఫారిన్ కీగా (వేరే టేబుల్లోని వరుసను చూపే కాలమ్‌గా) వస్తుంది. 'చాలా' ఉన్న వైపే ఫారిన్ కీ, ఇందులో తికమక అక్కర్లేదు. గది లేకుండా బెడ్ ఉండదు కాబట్టి ఆ కాలమ్ నాట్ నల్, అంటే ఖాళీగా (నల్‌గా) వదలకూడదు.

గది నంబరు దగ్గర మొదటి గుంట ఉంది. రెండు బిల్డింగుల్లోనూ 201 ఉంటుంది, అందుకని గది నంబరు ఒక్కటే ప్రైమరీ కీ (ఒక్కో వరుసను విడిగా గుర్తించే విలువ) కాలేదు. ఇలా సొంత నంబరుతో విడిగా గుర్తించలేని గది లాంటిదాన్నే పుస్తకంలో వీక్ ఎంటిటీ అంటారు. బిల్డింగ్, గది నంబరు కలిపి కీ చేయాలి. చాలామంది ఆటోమేటిక్‌గా పెరిగే ఐడీ ఇచ్చేసి, పని అయిపోయిందనుకుంటారు. అలా ఇచ్చినా బిల్డింగ్, గది నంబరు జంటకు యునీక్ (రెండోసారి రాకూడదనే నియమం) పెట్టాల్సిందే. పెట్టకపోతే ఒకే 201 రెండుసార్లు ఎక్కుతుంది, సగం మంది ఒక ఐడీ కింద, సగం మంది ఇంకో ఐడీ కింద చేరతారు.

ఎక్కువమంది తప్పేది బెడ్‌కూ అమ్మాయికీ మధ్య గీసే గీత దగ్గర. నివాసి టేబుల్లో బెడ్ ఐడీ కాలమ్ పెట్టేస్తారు. ఈరోజుకు అది సరిగ్గానే కనిపిస్తుంది. మార్చిలో ఆమె ఫోర్ షేరింగ్ నుంచి టూ షేరింగ్‌కు మారితే పాత బెడ్ చెరిగిపోతుంది. ఫిబ్రవరిలో ఆ బెడ్ మీద ఎవరున్నారని అడిగితే చెప్పే దారి ఉండదు. కాలాన్ని లెక్కలోకి తీసుకుంటే ఒక బెడ్ మీద చాలామంది ఉంటారు, ఒక్కరు చాలా బెడ్‌లు మారతారు. అంటే ఇది మెనీ టు మెనీ, దానికి మధ్యలో వేరే టేబుల్ కావాలి. దాన్ని 'బస' అందాం. అందులో బస ఐడీ, నివాసి ఐడీ, బెడ్ ఐడీ, చేరిన తేదీ, వెళ్లిన తేదీ, ఒప్పుకున్న అద్దె ఉంటాయి. మధ్య టేబుల్‌కు వాడుకలో ఉన్న పేరు ఒకటి దొరికిందంటే మీరు వ్యాపారాన్ని అర్థం చేసుకున్నట్టే. 'నివాసి-బెడ్' అని పేరు పెట్టి వదిలేస్తే తేదీలు, అద్దె అందులోకి రావాలని తోచదు.

బెడ్ టేబుల్లోనూ అద్దె కాలమ్ ఒకటి ఉంటుంది. అది అక్కడ ఉండగా బసలో మళ్లీ ఎందుకు అని ఇంటర్వ్యూ చేసేవారు తప్పకుండా అడుగుతారు. బెడ్ టేబుల్లోది ఇవాళ కొత్తగా వచ్చేవాళ్లకు చెప్పే రేటు. బసలోది ఆ అమ్మాయితో మాట్లాడుకున్న రేటు. ఓనరు రేటును 6,500 నుంచి 7,000కు పెంచితే నిరుటి లెక్కలు మారకూడదు కదా. అంకె ఒకటే కావచ్చు, అవి చెప్పే సంగతులు రెండు. కాబట్టి ఇది రిడండెన్సీ (ఒకే సంగతిని రెండుచోట్ల రాయడం) కిందికి రాదు.

దీనికి తిరగేసిన తప్పు, బెడ్ టేబుల్లో 'ఖాళీ ఉందా' అనే కాలమ్. వెళ్లిన తేదీ లేని బస ఉంటే బెడ్ నిండినట్టు, లేకపోతే ఖాళీ. ఆ సంగతి బస టేబులే చెబుతున్నప్పుడు ఇంకోచోట రాస్తే ఏదో ఒకరోజు రెండూ రెండు మాటలు చెబుతాయి. ఒక అమ్మాయి వెళ్లిపోయింది, తేదీ రాశారు, ఖాళీ గుర్తు మార్చలేదు అనుకోండి. మంచం ఖాళీగా ఉంటుంది, వచ్చినవాళ్లను లేదని తిప్పి పంపుతారు. అలాగే 'వెళ్లిన తేదీ = నల్' అని క్వెరీ రాస్తే ఒక్క వరుస కూడా రాదు, 'ఈజ్ నల్' అనే రాయాలి.

ఒకే బెడ్‌ను ఒకే రోజుల్లో ఇద్దరికి ఇవ్వకుండా ఆపడం ఎలా? బెడ్ ఐడీకీ చేరిన తేదీకీ కలిపి యునీక్ పెడితే సరిపోదు, ఒకరు 1న, ఇంకొకరు 5న చేరితే అది పట్టుకోలేదు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో తేదీల వ్యవధి మీద ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్ (వ్యవధులు ఒకదానిపై ఒకటి పడకుండా ఆపే నియమం) పెట్టొచ్చు. మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్‌లో అది లేదు. అక్కడ ట్రాన్సాక్షన్ (జరిగితే అన్నీ, లేకపోతే ఏదీ జరగకుండా చూసే పనుల కట్ట) మొదలుపెట్టి, ఆ బెడ్ వరుసను 'సెలెక్ట్ ఫర్ అప్‌డేట్'తో పట్టి ఉంచి, పాత బసల తేదీలు తగులుతున్నాయేమో చూసి, ఆ తర్వాతే ఇన్‌సర్ట్ చేయాలి. ఫ్రెషర్ ఈ మాట చెబితే ఎదుటివారు కుర్చీలో కాస్త ముందుకు జరిగి వింటారు.

చెల్లింపులను జనవరి, ఫిబ్రవరి అంటూ 12 కాలమ్‌లుగా పెట్టకండి. ఏ బసకు, ఏ నెలకు, ఎంత, ఏ రోజు, నగదా యూపీఐనా... ఒక్కో చెల్లింపు ఒక్కో వరుస. అప్పుడు 6,500ను 4,000, 2,500గా కట్టినా ఇబ్బంది లేదు. డబ్బుకు డెసిమల్ వాడండి. ఫ్లోట్‌లో పైసలు కచ్చితంగా నిలవవు. ఫోన్ నంబరు అంకెలే అయినా వర్‌చార్‌లో (అక్షరాల రకంలో) పెట్టాలి. 040తో మొదలయ్యే ల్యాండ్‌లైన్ ఇంటీజర్‌లో పెడితే ముందున్న సున్నా పోతుంది. అమ్మ, నాన్న, లోకల్ గార్డియన్ నంబర్లను ఒకే గడిలో కామాలతో కుక్కకుండా, బంధుత్వం కాలమ్‌తో వేరే టేబుల్ చేయండి. ఆధార్‌ను ప్రైమరీ కీ చేయొద్దు. చేరిన రోజున అది అందరి దగ్గరా ఉండకపోవచ్చు, టైపింగ్‌లో తప్పు పడితే దానికి ముడిపడ్డ టేబుళ్లన్నీ సవరించాలి, పైగా గోప్యంగా ఉంచాల్సిన నంబరు ప్రతి టేబుల్లోకీ పాకుతుంది.

నార్మలైజేషన్‌ను, అంటే ఒక్కో సంగతి ఒక్కచోటే ఉండేలా టేబుళ్లను విడగొట్టడాన్ని, నిర్వచనాలుగా వల్లించినందువల్లే అది బరువనిపిస్తుంది. ఓనరు రాసుకునే ఒకే పెద్ద పేజీని ఊహించుకోండి: పేరు, ఫోన్, బిల్డింగ్, బిల్డింగ్ చిరునామా, గది, అద్దె. చిరునామా మారితే 60 వరుసలు దిద్దాలి, ఒకటి మరిచిపోతే ఒకే బిల్డింగ్‌కు రెండు చిరునామాలు. ఎవరూ చేరని కొత్త బిల్డింగ్‌ను రాసే చోటే ఉండదు. ఉన్న చివరి మనిషి పేరు కొట్టేస్తే బిల్డింగ్ వివరం కూడా పోతుంది. అప్‌డేట్, ఇన్‌సర్ట్, డిలీట్ అనామలీలంటే (దిద్దేటప్పుడు, చేర్చేటప్పుడు, తీసేసేటప్పుడు వచ్చే చిక్కులంటే) ఈ మూడే. చిరునామా ఆధారపడేది బిల్డింగ్ మీద, అమ్మాయి మీద కాదు, కనుక అది బిల్డింగ్ టేబుల్లోకి పోవాలి. థర్డ్ నార్మల్ ఫామ్ చెప్పేది అదే. ఉద్యోగానికి అక్కడిదాకా గట్టిగా వస్తే చాలు. గేట్ కంప్యూటర్ సైన్స్ రాసే ఆలోచన ఉంటేనే బీసీఎన్ఎఫ్ (దాని తర్వాతి మెట్టు) లెక్కలు సాధన చేయండి.

డిజైన్ సరిగ్గా ఉన్నా క్వెరీ దగ్గర దెబ్బతినే చోటు ఒకటుంది. బసకు చెల్లింపులు చాలా, ఫిర్యాదులూ చాలా. ఒక బసకు 4,000, 2,500 రెండు చెల్లింపులు, ఫ్యాన్ గురించి, నీళ్ల గురించి రెండు ఫిర్యాదులు ఉన్నాయనుకోండి. మూడు టేబుళ్లనూ ఒకేసారి జాయిన్ చేస్తే నాలుగు వరుసలు వస్తాయి, మొత్తం 6,500కు బదులు 13,000 చూపిస్తుంది. ఎర్రర్ ఏమీ రాదు, అందుకే ఇది ప్రమాదం. డయాగ్రమ్‌లో ఒక డబ్బా నుంచి రెండు కాకి కాళ్లు రెండు దిక్కులకు పోతుంటే, ముందు ఒక్కోవైపు విడిగా కూడి ఆ తర్వాతే కలపాలని గుర్తుపెట్టుకోండి.

సాధనకు ఆరు వారాలు పెట్టుకోండి, రోజుకు గంటన్నర. మొదటి రెండు వారాలు ఈ హాస్టల్‌నే పూర్తి చేయండి. మిగిలిన నాలుగు వారాల్లో వారానికొకటి: కాలేజీ లైబ్రరీ, టైలర్ రసీదు పుస్తకం, డయాగ్నస్టిక్ సెంటర్ బిల్లు, కిరాణా కొట్టు ఖాతా పుస్తకం. లైబ్రరీలో పుస్తకం వేరు, దాని కాపీ వేరు. టైలర్ దగ్గర కొలతలకు తేదీ ఉంటుంది. డయాగ్నస్టిక్ ప్యాకేజీలో చాలా టెస్టులు, ఒకే టెస్టు చాలా ప్యాకేజీల్లో. కాగితం మీద కుదిరాకే డ్రా డాట్ ఐఓలోనో, మైఎస్‌క్యూఎల్ వర్క్‌బెంచ్‌లోనో గీయండి. ఆర్డర్, గ్రూప్ లాంటివి ఎస్‌క్యూఎల్ సొంత మాటలు, టేబుళ్లకు ఆ పేర్లు పెట్టొద్దు.

ప్రతి డిజైన్‌కూ ఒక పరీక్ష పెట్టండి. క్రియేట్ టేబుల్ స్క్రిప్ట్ రాశాక, కావాలనే పది తప్పుడు వరుసలు ఎక్కించి చూడండి: లేని గదిలో బెడ్, చేరిన తేదీకి ముందే వెళ్లిన తేదీ, మైనస్ అద్దె, రెండో 201. డేటాబేస్ పదింటినీ తిప్పికొట్టాలి. ఏ ఒక్కటి లోపలికి వెళ్లినా డిజైన్‌లోనో, కన్‌స్ట్రెయింట్‌లోనో లోపం ఉందన్నమాట. ఇక్కడ ఒక జాగ్రత్త. మైఎస్‌క్యూఎల్ 8.0.16కు ముందు వెర్షన్లు చెక్ కన్‌స్ట్రెయింట్‌ను (అద్దె మైనస్ కాకూడదు లాంటి షరతును) చదివి వదిలేస్తాయి, అమలు చేయవు. కాలేజీ ల్యాబ్‌లో పాత వెర్షన్ ఉంటే అక్కడ తప్పు మీది కాదు. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ వాడితే ఫారిన్ కీ తనిఖీ సాధారణంగా ఆఫ్‌లో ఉంటుంది, ప్రతి కనెక్షన్‌లోనూ 'ప్రాగ్మా ఫారిన్ కీస్ ఆన్' చేయాలి.

రెజ్యూమేలో 'డీబీఎంఎస్ తెలుసు' అన్న లైను తీసేసి, హాస్టల్ స్కీమా అని రాసి గిట్‌హబ్ లింకు ఇవ్వండి. అందులో డయాగ్రమ్, స్క్రిప్ట్, తిరస్కరణకు గురైన ఆ పది వరుసలు, వాటికి వచ్చిన ఎర్రర్ మెసేజ్‌లు ఉండాలి. వచ్చే ఇంటర్వ్యూలో హాస్టలే ఇచ్చినా, ఇంకేదిచ్చినా, పెన్ను అందుకునే ముందు ఒక ప్రశ్న మీరే వేయండి. ఉదాహరణకు, 'ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్‌లో కోత పెట్టి మిగతాది వెనక్కి ఇస్తారా? ఇస్తే ఆ కోతకు కారణం కూడా రాసి పెట్టాలా?' వాళ్లు అవునంటే చెల్లింపుల టేబుల్ పక్కన ఇంకో డబ్బాకు చోటు వదిలి, అప్పుడు గీయడం మొదలుపెట్టండి.