పక్షవాతం వచ్చిన చేతికి కరెంటు పెట్టిస్తే పనిచేస్తుందా?

మామయ్యకి కుడి చెయ్యి పడిపోయింది, ఫిజియో వాళ్ళు కరెంటు పెట్టించమంటున్నారు, డబ్బు దండగ కాదు కదా అని అడిగారు. చర్మం మీద ప్యాడ్లు అంటించి, సన్నగా కరెంటు పంపి కండని కదిలించడమే ఇది. దండగ కాదండీ, కానీ ప్యాడ్లు అంటించేసి మనిషిని వదిలేసి పోయే చోటైతే మాత్రం పూర్తిగా దండగే.

మా నాయన హిందూపురంలో టైలర్, స్ట్రోక్ వచ్చాక బెంగళూరు తెచ్చుకున్నా, మేముండేది మారతహళ్ళి. మొదట వెళ్ళిన క్లినిక్‌లో అబ్బాయి మెషిన్ ఆన్ చేసి ఇంకో పేషెంట్ దగ్గరికి వెళ్ళిపోయేవాడు, నాయన సీలింగ్ ఫ్యాన్ చూస్తూ పడుకుంటే వేళ్ళు వాటంతటవే ఎగిరెగిరి పడేవి, టైమ్ అవ్వగానే బిల్లు. అదీ రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. కాళ్ళూ చేతులూ పడిపోయినవాళ్ళు వచ్చే క్లినిక్ మెట్ల మీద ఎలా పెడతారో నాకిప్పటికీ అర్థం కాదు, ఇన్సూరెన్స్ వాళ్ళేమో అడ్మిట్ కాలేదు కాబట్టి ఒక్క రూపాయి కూడా ఇవ్వం అన్నారు.

తర్వాత మదనపల్లి ఫిజియో అమ్మాయి ఒకామె దొరికింది. నాయన పిడికిలి బిగుసుకుపోయి ఉండేది, అసలు చిక్కంతా మూయడంలో కాదు, తెరవడంలో. అందుకే ఆమె ప్యాడ్లు ముంజేతి వెనకవైపు పెట్టింది. మొదట మణికట్టు పక్కకి తిరిగింది, ప్యాడ్ ఒక వేలి వెడల్పు జరిపితే నాలుగు వేళ్ళూ విచ్చుకున్నాయి. నాయన ఉలిక్కిపడి "నేనేం చేయలేదప్పా, అదే తెరుసుకునింది" అన్నాడు. "అందుకే అంకుల్, అది వచ్చినప్పుడు మీరూ గట్టిగా తెరవాల" అని ఖాళీ స్టీల్ గ్లాసు ముందు పెట్టింది. కరెంటు వస్తే తెరవాలి, ఆగితే పట్టుకోవాలి, లేపి పక్కన పెట్టాలి, మళ్ళీ. గ్లాసు ఎన్నిసార్లు కింద పడిందో, నాయన నుదురంతా చెమటలు, అయినా ఆపలేదు.

స్ట్రోక్‌లో చేతి నరమూ కండా బాగానే ఉంటాయి, మెదడు నుంచి ఆర్డర్ రావడమే ఆగిపోతుంది. మనిషి ప్రయత్నిస్తున్న క్షణంలోనే కరెంటు తోడైతే మెదడు ఆ దారి మళ్ళీ నేర్చుకుంటుంది, నాది గట్టి నమ్మకం. 1961లో లిబర్సన్ అనే డాక్టరు కాలికి ఇదే చేసినప్పుడు కూడా మడమ దగ్గర స్విచ్ పెట్టాడు, నడకలో మడమ లేచినప్పుడే కరెంటు వచ్చేలా. అరవై ఏళ్ళ కింద తెలిసిన సంగతి మన క్లినిక్‌లకి ఇంకా ఎక్కలేదంటే ఒళ్ళు మండుతుంది.

వాట్సాప్‌లో తిరిగే మెడ మీద కరెంటు మెషిన్ వార్త కూడా నిజమే, 60 మంది మీద చేసిన పరీక్షలో 72 శాతం మందికి చేతుల్లో బలం, పనితనం రెండూ మెరుగయ్యాయని 2024లో వచ్చింది, కానీ అది మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళకి, స్ట్రోక్‌కి కాదు. బైక్ యాక్సిడెంట్‌లో భుజం దగ్గర నరమే తెగిపోయినవాళ్ళకి మా నాయనకి పెట్టిన మెషిన్ కూడా ఇలా పనిచేయదు. ఇక పావురం రక్తంతో మర్దన చేయించమనే బంధువులు మీకూ తగులుతారు, దయచేసి దగ్గరికి రానివ్వకండి.

నాయన ఇప్పుడు గ్లాసు పట్టుకుని నీళ్ళు తాగుతాడు, చొక్కా గుండీలు పెట్టుకుంటాడు, కత్తెర మాత్రం ఇంకా ఆడదు. పేస్‌మేకర్ ఉన్నా, ఫిట్స్ వస్తున్నా ముందే డాక్టర్‌కి చెప్పండి. ప్యాకేజీ డబ్బులు కట్టేముందు ఒక సెషన్ పక్కనే కూర్చుని చూడండి, కరెంటు నడుస్తున్నప్పుడు మామయ్య చేత ఏదైనా పట్టిస్తున్నారా లేదా అని. పట్టించకపోతే లేచి వచ్చేయండి.