తలమీద కమిలిన మచ్చ రెండు నెలలైనా తగ్గకపోతే...

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్లు. గుండెకు స్టెంట్ వేశారు, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారు. నుదుటికి కాస్త పైన ఊదారంగు మచ్చ ఉందని రెండు నెలల కిందట కటింగ్ షాపులో కుర్రాడు చూసి చెప్పాడు. దెబ్బ తగిలిన గుర్తు లేదంటున్నారు. ఆ మాత్రల వల్లే కమిలిందని అందరూ అంటే ఆయింట్‌మెంట్ రాస్తున్నాం. తగ్గకపోగా పెరిగింది. దువ్వెన తగిలితే రక్తం వస్తోంది, నొప్పి మాత్రం లేదు. టెన్షన్‌గా ఉంది డాక్టర్‌గారూ.
– ఓ పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: అమ్మా, ఆయింట్‌మెంట్ పక్కన పెట్టి, ఈ వారంలోనే నాన్నగారిని స్కిన్ డాక్టర్‌కు చూపించండి. బయాప్సీ (మచ్చలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) సంగతి మీరే అడగండి. గుండె మాత్రలు మాత్రం సొంతంగా ఆపొద్దు.

ఆ మాత్రలు వాడేవాళ్లకు చర్మం ఊరికే కమిలే మాట నిజమే. కానీ మామూలుగా కమిలిన చోట ఊదారంగు పోయి ఆకుపచ్చగా, పసుపుగా మారి, రెండు మూడు వారాల్లో మాయమవుతుంది. రెండు నెలలుగా పెరుగుతూ, రక్తం కారుతున్న మచ్చను మాత్రల మీదికి నెట్టేయడానికి నాకు మనసొప్పదు.

ఉత్తరం చూసి జబ్బు తేల్చలేను గానీ, యాంజియోసార్కోమా కాదని తేలేదాకా మాత్రం నిశ్చింతగా ఉండలేం. రక్తనాళాల లోపలి పొరలో పుట్టే క్యాన్సర్ అది. చాలా అరుదు, కానీ వేగంగా పాకుతుంది. చర్మం మీద వచ్చేది ఎక్కువగా పెద్దవయసువాళ్ల తల, ముఖం మీదే. రొమ్ము క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్న చోట కొన్నేళ్ల తర్వాత కూడా రావచ్చు. మొదట్లో నొప్పి ఉండకపోవచ్చు, అందుకే ఇంట్లోవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు.

ఇలాంటి మచ్చతో వచ్చినవాళ్లను తల గుండె కంటే కిందికి వంచమంటాను. కొన్ని సెకన్లలోనే మచ్చ ముదురు రంగుకు తిరిగి ఉబ్బితే నా అనుమానం బలపడుతుంది. ఉబ్బకపోయినా బయాప్సీ మానను. ఇది ఇంట్లో చేయించకండి, కళ్లు తిరిగి పడిపోతారు.

ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందని చుట్టాలెవరైనా అంటే దయచేసి వినకండి. ముక్కను మైక్రోస్కోప్ కింద చూసి, రక్తనాళాల కణాలను గుర్తుపట్టే సీడీ31, ఈఆర్‌జీ వంటి పరీక్షలు చేస్తేనే జబ్బు తేలుతుంది. మొదటి రిపోర్టులో ఏమీ లేదని వచ్చినా, మచ్చ పెరుగుతుంటే మళ్లీ తీయించాలి. క్యాన్సరే అయితే రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, పంజాగుట్టలో నిమ్స్ ఉంది. ఇది ఊపిరితిత్తులకు పాకే రకం కాబట్టి ఛాతీకి సీటీ స్కాన్ చేస్తారు. కంటికి కనిపించే అంచు దాటి చర్మంలో విస్తరించి ఉంటుంది కాబట్టి, ఆపరేషన్‌తో పాటు రేడియేషన్, కొందరికి పాక్లిటాక్సెల్ అనే కీమో మందు అవసరమవుతాయి. మచ్చ చిన్నగా ఉన్నప్పుడే పట్టుకుంటే ఆపరేషన్‌కు వీలెక్కువ.

వెళ్లేటప్పుడు మాత్రల చీటీ, నాన్నగారి నుదురు స్పష్టంగా కనిపించే ఈ ఏడాది ఫొటోలు తీసుకెళ్లండి. మచ్చ ఎప్పుడు మొదలైందో డాక్టర్‌కు వాటిలోనే తెలియవచ్చు.